సీఆర్‌డీఏ కమిషనర్ గారికి ఒక అడగని సలహా

మహారాజశ్రీ ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ కమిషనర్ గారి సముఖానికి,

ఇల్లినాయ్ రాష్ట్రం నేపర్‌విల్ నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి చేసుకుంటున్న మనవి.

విషయం: అమరావతిలో కట్టదలచిన కన్వెన్షన్ సెంటర్.

అయ్యా, అడగకుండా సలహా ఇవ్వడం ప్రవాసాంధ్రుల జన్మహక్కు. సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులుండి, తిరుగు విమానం ఎక్కేలోగా రాష్ట్రాన్ని చక్కదిద్ది పోతుంటాం. తమరు కాస్త ఓపిక పట్టాలి.

ముందుగా నా అర్హత చెప్పుకుంటాను. లక్షన్నర జనాభా ఉన్న మా ఊళ్లో చెప్పుకోదగ్గ కన్వెన్షన్ సెంటరే లేదు. ఉగాదికి హైస్కూలు ఆడిటోరియమే గతి. స్టేజి బ్రహ్మాండంగా ఉంటుంది, పులిహోర వడ్డించడానికే చోటుండదు. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు పిల్లల లాకర్లకు వీపు ఆనించి నిలబడి, పేపరు ప్లేటు అరచేతిలో పట్టుకుని, సాంబారు ఒలక్కుండా తింటుంటారు. తాళాల గుత్తితో స్కూలు ఉద్యోగి గడియారం చూస్తుంటాడు. పెద్ద సభలైతే వేరే ఊళ్లకు, షాంబర్గో రోజ్‌మాంటో పోవాలి. అలాంటి హాళ్లలో చాలావాటికి సొంత వంట కాంట్రాక్టరు ఉంటాడు. బయటి భోజనం తేవాలంటే అతనికీ కప్పం కట్టాలి. కాబట్టి గుమ్మటం సంగతి తర్వాత, ముందు వంటశాల గీయించండి. వేలమందికి బంతిలో వేడన్నం పెట్టలేని భవనం తెలుగువాళ్ల రాజధానికి ఎందుకు?

ఇక డబ్బు. షాంబర్గ్ చట్టప్రకారం ఒక ‘విలేజ్’. ఆ గ్రామం 2006లో అప్పుచేసి కన్వెన్షన్ సెంటరూ, దానికి ఆనుకుని 500 గదుల హోటలూ కట్టుకుంది. మన పంచాయతీలు కుళ్లుకోవాల్సిందే! చికాగో మెకార్మిక్ ప్లేస్ దీనికి పెదనాన్న. ప్రదర్శన స్థలమే 26 లక్షల చదరపు అడుగులు. దాని బాండ్లు తీర్చడానికి హోటలు గది మీద, అద్దె కారు మీద, నడిబొడ్డున ఉన్న రెస్టారెంట్లలో భోజనం మీద పన్ను వేశారు. ఏ సభ మొహమూ చూడనివాడు కూడా అక్కడ దోసె తింటే ఆ అప్పులో కంతు కట్టినట్టే.

రాజధాని హోదా ఉంటే చాలనుకుంటారేమో. వాషింగ్టన్‌లో 1980ల మొదట్లో తెరిచిన కన్వెన్షన్ సెంటరు ఇరవై ఏళ్లకే చాలకుండా పోయింది. 2003లో కొత్తది తెరిచి, మరుసటి ఏడాది పాతదాన్ని పేల్చి కూల్చేశారు. ఇక కన్సల్టెంట్లు కట్టే అంచనాలకూ తర్వాత వచ్చే జనానికీ పొంతన కుదరడం లేదని చూపిస్తూ టెక్సాస్ ఆచార్యుడు హేవుడ్ శాండర్స్ 2014లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

ఇలా లెక్క తప్పడంలో మా ఊరేం తక్కువ తినలేదు. కొత్త సహస్రాబ్ది గుర్తుగా 160 అడుగుల గంటల గోపురం లేపారు, 72 గంటలు. 2000లో ప్రారంభించేనాటికి పని పూర్తికాలేదు. చందాలు చాలక చివరికి భారం నగరం మీద పడింది. తర్వాత తుప్పు పట్టిందని, బాగుచేయాలా కూల్చాలా అని కౌన్సిల్ కూర్చుని చర్చించింది. ఇప్పటికీ మోగుతోంది లెండి, వినడానికి బాగుంటుంది.

హైదరాబాద్‌లోని కన్వెన్షన్ సెంటర్ హెచ్ఐసీసీ కూడా 2006దే. అప్పటికే చుట్టూ హైటెక్ సిటీ, పక్కనే హోటలు. హాలు అందం చూసి ఎవరూ సభ పెట్టరు. విమానం, గది, సాయంత్రం తిరగడానికి నాలుగు వీధులు చూసుకుని పెడతారు. గన్నవరంలో దిగినవాడు ఎక్కడ పడుకుంటాడో తేల్చాకే కొబ్బరికాయ కొట్టండి. రెండేళ్లకోసారి జరిగే మా ప్రవాస మహాసభలను నమ్ముకుని మాత్రం కట్టకండి. మేం ఫొటోలు దిగి పోతాం. మామూలు మంగళవారం ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో అదే అసలు లెక్క.

నేల సంగతి నాకంటే తమకే బాగా తెలుసు. నల్లరేగడి, పక్కన కొండవీటి వాగు. 2019లో పనులు ఆగాక సచివాలయం పునాదుల్లో నీళ్లు నిలిచాయి. 2024లో ఐఐటీ నిపుణులు వచ్చి వాటి బలం చూడాల్సి వచ్చింది. అలాంటిచోట భూగర్భ పార్కింగ్ అని ఎవరైనా నక్షా తెస్తే, వానాకాలం వెళ్లేదాకా సంతకం పెట్టకండి.

29 గ్రామాల రైతులు జరీబు భూములతో సహా 30 వేల ఎకరాలకు పైగా రాజధాని భూసమీకరణకు ఇచ్చారు. ఆ గ్రామాల పెళ్లిళ్లకు ఏడాదిలో కొన్ని ముహూర్తాలు నామమాత్రపు అద్దెకు రాసివ్వండి. కన్సల్టెంట్ అంచనాలను అతని పేరుతో సహా తెలుగులో అచ్చువేసి గ్రామసభల్లో పంచండి. తెరిచాక ఏటా ఎన్ని రోజులు నిండిందో, ఎంత వచ్చిందో ఆ అంచనాల పక్కనే అచ్చువేయండి. ఈ రెండు కాగితాలకు ఒప్పుకోని కన్సల్టెంటుకు పని ఇవ్వవద్దని ప్రార్థన.

చిత్తగించవలెను.