నకలు కాగితం

నేను అసలు దస్తావేజును కాను, నకలును. ఆ మాట ముందే ఒప్పుకుంటే మంచిది. అసలు కాగితం 1936లో పొలం కొన్నవాళ్లతో వెళ్లిపోయింది. టెక్సస్ తూర్పు కొసన రస్క్ కౌంటీ ఉంది. అక్కడి ఆఫీసు రిజిస్టరు చూసి టైపు కొట్టి, ముద్ర గుద్ది, పొలం అమ్మిన ముసలాయన చేతిలో పెట్టిన ప్రతిని నేను. అప్పటినుంచి ఆయన వంశం వెంట ఒక రేకు పెట్టెలో ఊళ్లు తిరుగుతున్నాను.

నాలో ఉన్నదంతా దస్తావేజుల్లో మామూలుగా ఉండేదే. విస్తీర్ణం 80 ఎకరాలు, నాలుగు పక్కలా హద్దులు, ముట్టిన సొమ్ము. నా ప్రాణమంతా చివర్లో ఉన్న ఒక్క వాక్యంలో ఉంది. ఈ భూమి కింద ఉన్న చమురు, గ్యాసు, ఇతర ఖనిజాలు అమ్మేవాడు తనకూ తన వారసులకూ ఉంచుకుంటున్నాడని. అంతే, పొలం రెండు ఆస్తులైపోయింది. పైన పత్తిచేను కొన్నవాడిది, కింద ఇసుకరాతి పొర అమ్మినవాడిది.

మీకిది వింతగానే ఉంటుంది. కోనసీమలో కొబ్బరితోట కింద చమురు పడితే రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది, రైతుకు దక్కేది స్థలం తాలూకు డబ్బే. టెక్సస్‌లో అలా కాదు. కింది సరుకును పైనేల నుంచి విడదీసి అమ్ముకోవచ్చు, ఉంచుకోవచ్చు, బిడ్డలకు రాసివ్వచ్చు. పైగా రెండింట్లోనూ కిందిదానిదే పైచేయి. చమురు తీయడానికి అవసరమైన మేరకు పైవాడి చేలో దారి వేసుకోవచ్చు, బావి దించుకోవచ్చు.

పెట్టెలో నాకో అన్న ఉన్నాడు. 1930 నాటి కౌలు కాగితం. తీసిన చమురులో ఎనిమిదో వంతు భూమిగలవాడికి, మిగిలింది తవ్వినవాడికి. కౌలు ఎన్నాళ్లంటే, మొదట కొన్నేళ్లు, ఆ తర్వాత చమురు వస్తున్నంతకాలం. అదే తిరకాసు. ఒక్క బావి రోజుకు రెండు మూడు బ్యారెళ్లు కక్కుతున్నా మా అన్నకు చావు లేదు.

ఆ రోజుల కథలన్నీ అన్న చెప్పినవే. పెద్ద కంపెనీల వాళ్లు ఇక్కడ చమురు లేదని పెదవి విరిచారట. డెబ్బై ఏళ్ల ‘డాడ్’ జాయినర్ మాత్రం డెయిజీ బ్రాడ్‌ఫర్డ్ అనే వితంతువు పొలాన్ని వదల్లేదు. రెండు బావులు పాడయ్యాయి. మూడోది 1930 అక్టోబరు 3న మూడున్నర వేల అడుగుల లోతునుంచి పొంగింది. ఉన్న వాటాలకు మించి జనానికి అమ్మేసిన జాయినర్, వ్యాజ్యాల భయంతో బావినీ కౌళ్లనూ హెచ్.ఎల్. హంట్ అనే చమురు వ్యాపారి చేతిలో పెట్టి తప్పుకున్నాడు. వాటాల లెక్క తప్పడం మా చమురు క్షేత్రానికి పుట్టుకతోనే వచ్చిన జబ్బన్నమాట.

భూమి మీద గట్లుంటాయి. కింద ఉండవు. ఎవడి బావిలోకి వస్తే చమురు వాడిదే అన్నది అప్పటి న్యాయం. నువ్వు తోడకపోతే నీ కిందిది పక్కవాడు తోడేస్తాడు. కిల్గోర్ ఊరి నడిబొడ్డున ఎకరం చిల్లర స్థలంలో 24 బావులు లేచాయి. చమురు ముంచెత్తి బ్యారెల్ పది సెంట్లకు దిగింది. 1931 ఆగస్టులో గవర్నర్ స్టెర్లింగ్ సైనికులను దించి బావులు మూయించాడు. ఆ తర్వాత రోజుకింత అని కోటా పెట్టి కాపలా కాసింది రైల్‌రోడ్ కమిషన్. పేరు రైళ్లది, పెత్తనం చమురుది. కోటా దాటి చీకట్లో తోడిన దాన్ని ‘వేడి చమురు’ అనేవారు. లెక్కలో లేని చమురుకు ఎనిమిదో వంతు ఎవడిస్తాడు చెప్పండి? 1960ల మొదట్లో ఇంకో ఘనకార్యం బయటపడింది. తమ స్థలంలో మొదలెట్టి, నేల లోపల ఏటవాలుగా పక్కవాడి కిందికి తొలిచిన బావులు వందల్లో దొరికాయి. హద్దులు రాసుకున్న కాగితాన్ని, నాకెంత తలవంపులో ఊహించుకోండి.

చమురు బావిలో తగ్గుతుందని అందరూ అనుకుంటారు. అంతకంటే వేగంగా అది ఇంట్లో తగ్గుతుంది. ముసలాయనకు ఐదుగురు పిల్లలు. ఎనిమిదో వంతులో ఐదో వంతు, అంటే నలభయ్యో వంతు. పెద్దకూతురికి నలుగురు, నూట అరవయ్యో వంతు. వాళ్లలో ఒకడికి ముగ్గురు, నాలుగు వందల ఎనభయ్యో వంతు. ఆ ముగ్గురిలో ఒకామె పోయి ఆమె వాటా కొడుకుకూ కూతురికీ వచ్చింది. ఇప్పుడు నేనుంటున్నది ఆ కూతురి దగ్గరే. కంపెనీ పంపిన కాగితంలో ఆమె పేరు పక్కన 0.00104167 అని ఉంది.

“అన్నయ్యా, ఇదేమిటి? ఫోన్ నంబరా?” అంది ఆ పిల్ల.

“మన వాటా.”

ముసలాయన కొడుకుల్లో ఒకడు ఎప్పుడో తన ఐదో వంతును అమ్మేసుకున్నాడు. ఇంకొకడి పిల్లలు ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. చిరునామా లేనివాళ్ల డబ్బు మూడేళ్లు చూసి రాష్ట్ర ఖజానాకు అప్పజెప్పేస్తారు. మా పిల్లకూ ఉత్తరాలొస్తున్నాయి, మీ హక్కు కొంటాం, సంతకం పెట్టండి చాలు అని. ఎంత తొందరపెడితే అంత చవగ్గా అడుగుతున్నారని నా అనుభవం. ఉత్తరం తెచ్చినవాడికి అమ్మే ముందు నన్నూ మా అన్ననూ ఒకసారి చదవమని పెట్టెలోంచే మొత్తుకుంటుంటాను.

ఆ మధ్య అన్నాచెల్లెళ్లిద్దరూ పొలం చూసొచ్చారు. పత్తి లేదు, ఆవులు మేస్తున్నాయి. ఒకే ఒక్క పంపు గంగిరెద్దులా తల ఊపుతోంది. పైకొచ్చేది చమురు కంటే ఉప్పునీళ్లే ఎక్కువ. పొలం ఇప్పటి యజమాని వీళ్లకు మంచినీళ్లిచ్చి, “దాని చప్పుడు మాకు, డబ్బు మీకు” అని నవ్వాడు. అతనికి ఈ పిల్ల వాటాకు వచ్చేదెంతో తెలీదు. రోజుకు మూడు బ్యారెళ్లు, బ్యారెల్ 70 డాలర్లు అనుకుంటే రోజుకు 22 సెంట్లు. పన్నులు పోక ముందు మాట ఇది.

ఏడాదికి లెక్కేస్తే 80 డాలర్ల లోపు. వంద డాలర్లు దాటనివాళ్లకు నెలనెలా పంపనక్కర్లేదు, ఏడాదికోసారి పంపితే చాలు. కిందటి చెక్కు డిసెంబరులో వచ్చింది.