ఫ్రిజ్ తలుపు సూత్రాలు: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఆఫీసుకు పరుగెడుతున్న ఒక తల్లి, బడి నుంచి వచ్చే కొడుకు కోసం ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించి వెళ్లిన గ్రంథమిది. సూత్రాలు మూడే.

మూలం: “నాలుగింటికి గుగ్గిళ్లు తిను. జీళ్లు శనివారమే. మధ్యలో ఏమీ నమలకు.”

ప్రతిపదార్థం: నాలుగింటికి = బడి బస్సు దిగి, చేతులు కడుక్కున్న పిమ్మట; గుగ్గిళ్లు = ఉడికించి, ఆవాలూ ఎండుమిర్చీ తిరగమోత పెట్టి, కొబ్బరికోరు చల్లిన శనగలు; తిను = కూర్చుని అని అధ్యాహారం; జీళ్లు = బెల్లం పాకం లాగి చేసి తిరునాళ్లలో అమ్మే సాగుడు మిఠాయి, ఉపలక్షణంగా టాఫీ, మామిడి తాండ్ర, పల్లీపట్టీ; శనివారమే = ఆదివారం కాదు; మధ్యలో = గుగ్గిళ్లకూ రాత్రి అన్నానికీ నడుమ; ఏమీ = చిప్స్‌తో సహా; నమలకు = బతిమాలడం కాదు, నిషేధం.

తాత్పర్యం: పళ్లను పాడుచేసేది ఎంత తిన్నాడన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నాడన్నదే.

విశేషాలు: పంటి పాచిలోని బ్యాక్టీరియా చక్కెర అందగానే ఆమ్లం తయారుచేస్తుంది. నిమిషాల్లోనే అక్కడి పీహెచ్ 5.5 కిందికి జారి, పింగాణీ పొరలోని కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. పీహెచ్ ఇలా జారడాన్ని 1940లలో స్టెఫాన్ అనే అమెరికన్ పరిశోధకుడు కొలిచి గీత గీసి చూపాడు. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, నష్టాన్ని పూడ్చుకు రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. బిస్కెట్ ప్యాకెట్‌ను పావుగంటకొకటి చొప్పున సాయంత్రమంతా లాగించేవాడు లాలాజలానికి ఆ వ్యవధే ఇవ్వడు. ప్యాకెట్టంతా ఒక్క ఊపులో తినేసినవాడే, పంటి వరకూ, కాస్త నయం.

శనివార నియమానికి స్వీడన్‌లో ప్రమాణముంది. లుండ్ పట్టణంలోని విపెహోల్మ్ ఆసుపత్రిలో 1940ల చివర, మానసిక ఎదుగుదల లోపించిన రోగుల చేత, వాళ్ల సమ్మతి అడగకుండానే, పళ్లకు అతుక్కునేలా ప్రత్యేకంగా చేసిన టాఫీలు తినిపించారు. భోజనంతో కలిపి తిన్న చక్కెర పెద్దగా చెరపలేదు. భోజనాల మధ్య నమిలిన టాఫీ పళ్లను గుల్ల చేసింది. ఫలితాలు 1954లో అచ్చయ్యాయి. స్వీడన్ పిల్లలకు మిఠాయి వారానికొక్కసారి, శనివారం, అన్న ఆనవాయితీ అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ రోగుల పళ్ల లెక్క మాత్రం ఎవరూ తీర్చలేదు.

పూర్వపక్షం: “బెల్లం ఒంటికి మంచిదిరా” అని నానమ్మ. సమాధానం: బ్యాక్టీరియాకు బెల్లమూ పంచదారా ఒకటే, పైగా పాకం పట్టినది దంతాల సందుల్లో తిష్ఠ వేస్తుంది. “చిప్స్ తీపి కాదుగా” అని కొడుకు. సమాధానం: దవడపళ్ల గాళ్లలో ఇరుక్కున్న పిండిపదార్థం లాలాజలం తగిలి అక్కడే చక్కెరగా మారుతుంది. చాక్లెట్ అయినా కరిగి దిగిపోతుంది గానీ, చిప్స్ ముద్ద నాలుకకు దొరక్కుండా కూర్చుంటుంది.

గుగ్గిళ్లే ఎందుకు? జామకాయ, కీరా ముక్కలు, పనీర్, ఉడికిన గుడ్డు కూడా చెల్లుతాయి. ఆ రోజు ఇంట్లో నానబెట్టినవి శనగలు, అంతే. రెండేళ్ల చెల్లెలికి మాత్రం ఈ సూత్రం యథాతథంగా వర్తించదు. గింజలు గొంతుకు అడ్డం పడతాయి, మెత్తగా మెదిపి పెట్టాలి.

పాఠాంతరం: “శనివారమే” అన్నచోట “శనివారం, బుధవారం” అని ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో ఒక పాఠం కనిపిస్తున్నది. అక్షరాలు గీత దాటి ఉండటం చేత, “బు”లో కొమ్ము లోపించడం చేత, ఇది ప్రక్షిప్తం.