మా ఇంటి మీదైతే కారలేదు

ఓజోన్ పొరకు చిల్లు పడిందన్న సంగతిని తూంకుంట ఇంకా ఆమోదించలేదు. రాజీవ్ రహదారి పక్కన చాయ్ దుకాణంలో పొద్దున్నే కొలువుదీరే మా విచారణ సంఘం సాక్ష్యాలన్నీ పరిశీలించింది. సంఘానికి పెద్దదిక్కయిన కాకా తీర్పు చెప్పేశాడు: "చిల్లు వడితే కారాలె గద! మా ఇంటి మీదైతే ఒక్క చుక్క కారలే."

ఇంత సులువైన పరీక్ష శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్‌లకు తట్టలేదు పాపం. అప్పట్లో ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన సీఎఫ్‌సీ వాయువులు పైకెళ్లి ఓజోన్‌ను తినేస్తాయని 1974లో లెక్కలు కట్టి, 1995లో క్రుట్జెన్‌తో కలిసి నోబెల్ పుచ్చుకున్నారు.

కాకా రెండో అభ్యంతరం మరీ ఘాటైనది. "ఏసీలు మన దిక్కు, చిల్లేమో అంటార్కిటికల. పెంగ్విన్లకు ఏసీలున్నయా?"

దీనికి జవాబు మనకు దగ్గర్లోనే, ఈసీఐఎల్ వైపు టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రంలో ఉంది. 1987లో, మళ్లీ 1990లో అహ్మదాబాద్, జర్మనీ శాస్త్రవేత్తలు అక్కణ్నుంచి బెలూన్లు ఎగరేసి, మన నెత్తి మీద 30 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలిని పట్టి దించారు. అందులో సీఎఫ్‌సీలు దొరికాయి. అప్పటికి మన ఇళ్లలో చాలావాటికి ఫ్రిజ్జే లేదు! ఎక్కడ వదిలినా ఆ వాయువులు ఏళ్ల తరబడి తిరిగి అంతటా చేరతాయి. దక్షిణ ధ్రువం మీద చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 80 డిగ్రీల దాకా పడిపోతుంది కాబట్టి అంత ఎత్తున మంచు మేఘాలు కడతాయి. వాటి మీద సీఎఫ్‌సీల నుంచి వచ్చిన క్లోరిన్ కాచుకుని ఉండి, వసంతంలో ఎండ పొడ తగలగానే ఓజోన్ మీద పడుతుంది. పెంగ్విన్లకు ఏసీలెందుకు, మనకుంటే సరిపోదూ?

బెలూన్ మాటెత్తగానే కాకా నవ్వాడు. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో దిగిన గుండ్రటి వింత వస్తువును ఆయన మర్చిపోలేదు. గ్రహాంతరవాసులొచ్చారని జనం ఎగబడ్డారు. అది ఓ స్పెయిన్ కంపెనీ ప్రయోగమనీ, మన బెలూన్ కేంద్రం నుంచే ఎగిరిందనీ తర్వాత తేలింది. "గట్లనే చెప్తరు," అన్నాడు కాకా. ఏలియన్లకు ఆయన దగ్గర సాక్ష్యం అక్కర్లేదు.

మేం ఒంటరివాళ్లమేమీ కాదు. 1987లో అమెరికా మంత్రి డొనాల్డ్ హోడెల్ ఓజోన్ గండానికి టోపీలు, నల్ల కళ్లద్దాలు చాలన్నట్టు అక్కడి పత్రికలు రాశాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 16నే సీఎఫ్‌సీలకు కళ్లెం వేసే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశమూ చేరింది. ఇలాగే సాగితే అంటార్కిటికా చిల్లు 2066 ప్రాంతానికి పూడుతుందని ఐక్యరాజ్యసమితి నివేదిక అంటోంది.

కాకా ఆఖరి అస్త్రం ఇక్కడే. "ఇన్నేండ్లు బెదిరిచ్చిన్రు. ఏమైంది? ఏం గాలే!" మందు మింగి జ్వరం తగ్గాక డాక్టర్‌ని దొంగ అన్నట్టుంది గానీ, సంఘం చప్పట్లు కొట్టింది.

మొన్న ఆయన పాత ఏసీకి మెకానిక్ వచ్చాడు. అందులో మిగిలిన ఆర్-22 గ్యాస్‌ను గాల్లోకి వదిలేశాడు. అదీ ఓజోన్‌ను తినేదే, కాకపోతే కాస్త మితాహారి. తర్వాత కొత్త గ్యాస్ పట్టడం మొదలుపెట్టాడు. కాకా ఎండలో నిలబడి గేజ్ మీంచి చూపు తిప్పలేదు.

"ముల్లు ఇంకింత రానియ్ బిడ్డా. లోపటి గ్యాస్ నా కండ్లకేమన్న కనవడ్తదా? మీటర్ చెప్పిందే నమ్మాలె."