కాళ్లు ఎత్తుకోనివ్వండి మహాప్రభో!

అయ్యా, ఇది ఒక ఇంటి యజమాని అర్జీ. నిలబడి చదువుతారో, కూర్చుని చదువుతారో మీ ఇష్టం. నాకైతే ఎక్కువసేపు రెండూ నిషిద్ధం.

నా ఎడమ పిక్క మీద నీలం నరాలు వానపాముల్లా మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి కాలు బరువెక్కి, పాదం మీద చెప్పు పట్టీ అచ్చుపడుతుంది. డాక్టరుగారు డాప్లర్ స్కాన్ చూసి వెరికోస్ వెయిన్స్ అని తేల్చారు. కాళ్లలోని రక్తం గుండెకు ఎదురెక్కాలట. ఎక్కింది మళ్లీ దిగజారకుండా సిరల్లో కవాటాలు కాపలా ఉంటాయట. నావి సరిగ్గా మూసుకోవట్లేదు. ఉద్యోగమంతా నల్లబల్ల ముందు నిలబడే చేశాను. పైగా ఇది వంశంలోనూ ఉంది. నాన్నగారి పొలం అన్నయ్యకు వెళ్లింది, నరాలు నాకొచ్చాయి.

వైద్యం వినడానికి సులువే. రోజూ కాసేపు పడుకుని, కాళ్లు గుండె కన్నా ఎత్తులో పెట్టుకోవాలి. సోఫా చేతి మీద పాదాలు ఆనించానో లేదో, గుమ్మంలో వియ్యంకుడుగారు ప్రత్యక్షం! పెద్దమనిషి ముఖానికెదురుగా కాళ్లు చాపుతామా? దించాను. వాపూ దిగింది, పాదాల్లోకి. గోడకేసి పెడదామంటే అక్కడ వేంకటేశ్వరస్వామి క్యాలెండరు. దిండు వేసుకుందామంటే, "తల పెట్టుకునేదాని మీద కాళ్లా?" అని మా ఆవిడ.

ఇక ఆ బిగుతు మేజోళ్లు! చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోనుపోను వదులుగా పట్టి రక్తాన్ని పైకి తోస్తాయి. వాపు రాకముందే, పొద్దున్నే మంచం దిగకుండా తొడుక్కోవాలి. మే నెల బెజవాడలో! మడమ దాటించలేక నేను పడే పాట్లు మనవడు వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

నడిస్తే పిక్క కండరం బిగిసినప్పుడల్లా రక్తం పైకి పోతుందన్నారు. "నడవమన్నారుగా" అని ఇంట్లోవాళ్లు రేషన్ షాపుకు పంపారు. వెళ్లి క్యూలో నిలబడ్డాను. పక్కింటి పిన్నిగారు నువ్వుల నూనె మర్దనా చేయించమంటారు. మూతపడని కవాటాన్ని ఏ నూనె మూయిస్తుందమ్మా? లేజరుతో పాడైన సిరను మూసేస్తే, రక్తం మంచి సిరల దారి పడుతుందని డాక్టరుగారంటే, "కాలు ఎండిపోదూ!" అని ఆవిడే బెంగపడ్డారు.

చీలమండ లోపలివైపు చర్మం అప్పుడే నల్లబడుతోంది. అశ్రద్ధ చేస్తే పుండవుతుందన్నారు. అదీ జరిగితే పరామర్శకు వియ్యంకుడుగారే ముందొస్తారు. కుర్చీ లాక్కుని కూర్చుని, "కాస్త కాళ్లు ఎత్తి పెట్టుకోవాల్సింది బావగారూ" అంటారు.