పర్సులో వడ్డీ వ్యాపారి

మా పెదనాన్న లెక్కలో నూటికి నెలకు రూపాయి వడ్డీకిచ్చేవాడు ధర్మాత్ముడు. రెండు రూపాయలకిస్తే వ్యాపారి. మూడు దాటితే వాడి మొహం చూడకూడదు. అలాంటి ఆసామి ఎదురొస్తే వెనక్కొచ్చి, మంచినీళ్లు తాగి మరీ బయల్దేరతారు. ఆయన కొడుకు, అంటే మా అన్నయ్య, హైదరాబాద్‌లో మూడున్నర రూపాయల వడ్డీవాణ్ణి పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు. పైగా వాడి పేరు ప్లాటినం.

డెబిట్ కార్డంటే అన్నయ్యకు చిన్నచూపు. "మన డబ్బు మనకిస్తుంది, అందులో గొప్పేముందిరా?" అంటాడు. నిజమే. దాన్ని గీకగానే ఫోను టింగుమంటుంది, గుండె కలుక్కుమంటుంది. క్రెడిట్ కార్డుతో ఆ కలుక్కు బిల్లొచ్చేదాకా వాయిదా. గడువులోగా మొత్తం కట్టేసేవాడికి అది వడ్డీలేని చేబదులే, కాదనను.

చిక్కంతా బిల్లులో మొత్తం బాకీ పక్కన ముద్దుగా నిలబడే 'కనీస చెల్లింపు' దగ్గరే. 20,000 బాకీకి 1,000 కడితే చాలట! అన్నయ్య వెయ్యి కట్టి, ఈ నెల గట్టెక్కామంటూ అదే కార్డు మీద బిర్యానీ తెప్పించాడు. వదిన పెన్సిలు తీసింది. నెల వడ్డీ 700, దాని మీద 18 శాతం జీఎస్టీ 126.

"ఏవండీ, మీ వెయ్యిలో బాకీకి చేరింది 174. బిర్యానీ 320."

అంతటితో అయిపోలేదు. పాత బాకీ మిగిలితే కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు పోతుంది. అంటే బిర్యానీ అరక్కముందే దాని వడ్డీ మొదలైంది.

ఆ వడ్డీ తీర్చడానికి అన్నయ్య ఏడు రోజుల అప్పిచ్చే యాప్ వెతికాడు. వదిన ఫోను లాక్కుంది. అప్పుల యాప్‌లు కాంటాక్టుల జోలికి పోకూడదనీ, ఏడాది వడ్డీ శాతం ముందే చెప్పాలనీ రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. దొంగ యాప్ నిబంధనలు చదువుతుందా? ఊళ్లో అప్పులవాడు అరుగెక్కి అరిస్తే వీధికే తెలుస్తుంది. వీడు అరిస్తే వియ్యపురాలికీ, ఆఫీసులో బాసుకీ, ఎప్పుడో నంబరిచ్చిన ప్లంబరుకీ తెలుస్తుంది.

చివరికి వదిన గాజుల జత బ్యాంకులో పెట్టి, నూటికి రూపాయిలోపు వడ్డీకి తెచ్చి, కార్డు బాకీ ఊడ్చేసింది.

మీ దగ్గరా కార్డుంటే ఆటోపే పెట్టుకోండి. కనీసమా, మొత్తమా అని అక్కడా అడుగుతుంది. 'మొత్తం' అన్న గడిలోనే టిక్కు పెట్టండి. అంత డబ్బు ఖాతాలో ఉండదంటారా, డెబిట్ కార్డే వాడండి.