చల్లపల్లి ఖర్చుతో బల్గేరియా యాత్ర

బల్గేరియా యూరప్‌లో చవక దేశం. అయినా సరే, టిక్కెట్లకీ హోటళ్ళకీ డబ్బు తగలేసుకుని అక్కడిదాకా వెళ్ళొస్తున్నవాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వెళ్ళకుండానే వెళ్ళొచ్చిన పేరు తెచ్చుకోవాలి. పొదుపంటే అదీ. చల్లపల్లి నుంచి ఆ పని ఎలా చెయ్యాలో వరసగా చెబుతున్నాను. ఒక్క చిట్కా కూడా వదలకండి.

1. దేశం పేరు ముందు ఖాయం చేసుకోండి. అమెరికా, జర్మనీ, ఆస్ట్రేలియా మాటెత్తొద్దు. ఘంటసాల నుంచి నాగాయలంక దాకా ఏ వీధిలో అడిగినా అక్కడ ఎవరి కొడుకో కోడలో ఉంటారు, ఫోన్ చేసి కనుక్కుంటారు. బల్గేరియా అనండి. "అదెక్కడుందిరా అబ్బాయ్?" అని బాబాయ్ అడిగాడంటే సరైన దేశం తగిలినట్టే. రాజధాని సోఫియా, తూర్పున నల్ల సముద్రం, గులాబీ అత్తరుకు పేరు, 2026 జనవరి 1 నుంచి డబ్బు యూరోల్లో. ఈ నాలుగు ముక్కలూ బట్టీ పట్టండి. అంతకు మించి చదివితే బుర్ర వేడెక్కుతుంది.

2. వీసా జోలికి పోవద్దు. బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా షెంజెన్‌లో కలిసింది. అంటే 90 యూరోల ఫీజు, కనీసం 30,000 యూరోల బీమా, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆఫీసు లెటరు, వేలిముద్రలు. ఇవన్నీ మానేస్తే మొదటి రోజే మిగులు. అడిగినవాళ్ళకు "ప్రాసెస్‌లో ఉంది" అని చెప్పండి. ఆ మాటకు ఎదురు ప్రశ్న వేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

3. అప్పు మాత్రం ఘనంగా చెయ్యండి. వెళ్ళనప్పుడు డబ్బెందుకు అనుకోవద్దు. అప్పు లేకుండా ఫారిన్ వెళ్ళాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. చీటీ ఉంటే రెండో నెల్లోనే ఎంత నష్టానికైనా పాడేసుకోండి. మీ ఆవిడ గొలుసు బ్యాంకులో పెట్టండి, వడ్డీ సంగతి ఏడాది తర్వాత చూసుకోవచ్చు. అత్తయ్యకు అత్తరు, పిన్నికి చాక్లెట్లు, బావకు వాచీ తెస్తానని అందరి దగ్గరా ముందుగానే డబ్బు పుచ్చుకోండి. ఎవరు ఎంతిచ్చారో రాసుకోకండి. కాగితం మీద ఉంటే లెక్క అడుగుతారు.

4. తెల్లవారుజామునే బయలుదేరండి. చల్లపల్లిలో 2014 నుంచి స్వచ్ఛ కార్యకర్తలు చీకటి ఉండగానే చీపుళ్ళు పట్టుకుని రోడ్డెక్కుతున్నారు. సూట్‌కేసు ఈడ్చుకుంటూ సరిగ్గా వాళ్ళ ముందు నుంచే నడవండి, పొద్దెక్కేసరికి ఊరంతా తెలిసిపోతుంది. చీపురు అందిస్తే నడుం పట్టేసిందని చెప్పండి. సూట్‌కేసులో ఏమీ సర్దొద్దు, మోయాల్సింది మీరే కదా.

బందరు పల్లెవెలుగు ఎక్కండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి ఆవిణ్ణి వెంటబెట్టుకోండి. కండక్టరు మీ దగ్గరకు వస్తే కళ్ళు మూసుకుని "ఆవిడ తీసుకుంది" అనండి. ఆవిడ చేతిలో ఉన్నది జీరో టికెట్టని ఆయన గ్రహించేలోపు సగం దూరం వెళ్ళిపోతారు. చెకింగువాళ్ళు ఎక్కితే జరిమానా కట్టెయ్యండి. ఆ రసీదు యాత్ర ఖర్చుల్లో రాసుకోవడానికి పనికొస్తుంది.

5. బందరులో దిగండి. యూరప్ వచ్చేసినట్టే. మన అద్దకం బట్టల కోసం డచ్చివాళ్ళు ఓడలేసుకుని ఇక్కడికొచ్చి దిగారు, తర్వాత 1611లో ఇంగ్లీషువాళ్ళు, 1669లో ఫ్రెంచివాళ్ళు. అంత దూరం నుంచి వాళ్ళే మన గుమ్మంలోకి వచ్చాక మనం తిరిగి వెళ్ళడమేమిటి? వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట ఒక్క ఆటోలో చుట్టెయ్యండి. మూడు దేశాలు అయిపోతాయి. ఆటో ఎక్కేముందు రేటు అడగొద్దు. దిగాక సగం చేతిలో పెట్టి చకచకా నడిచిపోండి. గొడవైతే జనం మూగుతారు, వాళ్ళలో ఒకడి చేత ఫొటో తీయించుకోవచ్చు.

పురావస్తు శాఖ కాపాడుతున్న డచ్చి సమాధుల దగ్గర ఎక్కువసేపు ఉండండి. పాత రాయి, పాత కట్టడం, అచ్చం యూరప్. ఒక్క జాగ్రత్త: పలకల మీద చెక్కిన అక్షరాలు ఫొటోలో పడకూడదు. అవి రోమన్ అక్షరాలు, బల్గేరియాలో రాసేది సిరిలిక్ లిపి. అందుకని రాతికి వీపు ఆనించి, అక్షరాలు మీ భుజాల వెనక్కి పోయేలా నిలబడండి.

సాయంత్రానికి మంగినపూడి చేరండి. అక్కడ ఒడ్డు నల్ల మట్టి. నల్ల సముద్రానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఎవరూ తేలేరు. బల్గేరియా ఒడ్డున ఇసుక పసుపుపచ్చగా ఉంటుందని ఎవరైనా అంటే, మీరు వెళ్ళింది ఇంకో ఒడ్డని చెప్పండి. మే నెలైనా స్వెటరు వేసుకోండి. చెమటను సముద్రపు తుంపర అనండి.

6. లాడ్జీలో దిగొద్దు. బందరులో వేలువిడిచిన మేనమామ ఒకడు ఎటూ ఉంటాడు. మధ్యాహ్నం విస్తళ్ళు వేసే వేళకు వెళ్ళి తలుపు కొట్టండి. "ఒక్క పూటే మావయ్యా" అని లోపలికి వెళ్ళి వారం ఉండండి. బజారు నుంచి ఏదైనా తెమ్మంటే కాలు బెణికిందనండి.

7. ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తొద్దు. ఎండాకాలంలో బల్గేరియా మనకంటే రెండున్నర గంటలు వెనక. పొద్దున ఎనిమిదికి చేస్తే అక్కడ ఇంకా అయిదున్నర, నిద్రలో ఉన్నామని మర్నాడు చెప్పొచ్చు. పెద్దాయనకు ఒంట్లో బాగాలేదని చేసినా ఇదే సమాధానం.

8. కానుకలు బందరులోనే కొనండి. లడ్డు వద్దు. అందరికీ తెలిసిందే, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. హల్వా పట్టుకెళ్ళండి. బల్గేరియాలోనూ హల్వా ఉంది, అక్కడా దాని పేరు హల్వానే. అది నువ్వులతో చేసింది, పొడిపొడిగా ఉంటుంది. మనది గోధుమపాలతో చేసింది, జారుతుంది. విమానంలో కరిగిందని చెప్పండి. పెట్టె మీద షాపు పేరు మాత్రం చింపడం మరవొద్దు. సగమే చిరిగితే మిగతా సగం మీద బొటనవేలు పెట్టి అందించండి. అత్తయ్య అత్తరు అడిగితే కస్టమ్స్‌వాళ్ళు పట్టుకున్నారని చెప్పండి. బావకూ పిన్నికీ అదే మాట. మాట మారిస్తే గుర్తుపెట్టుకోవడం కష్టం.

9. బాకీలవాళ్ళు వస్తే బల్గేరియా అలవాటు ఉపయోగించుకోండి. అక్కడ అవునంటే తల అడ్డంగా ఆడిస్తారు, కాదంటే పైకీ కిందికీ. "ఈ నెల ఇస్తావా?" అంటే నిలువుగా ఆడించండి. ఆయన సంతోషంగా వెళ్తాడు. వచ్చే నెల వచ్చి నిలదీస్తే, ఆ రోజే కాదన్నానని చెప్పండి.

10. ఆర్నెల్లలో ఫలితం కనిపిస్తుంది. బందరు మావయ్య ఇల్లు మారి అడ్రసు చెప్పడు. అత్తయ్య శుభలేఖ పంపదు, కాబట్టి చదివింపుల ఖర్చు లేదు. ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోతుంది, గ్యాస్ మిగులుతుంది. చీటీవాడు మళ్ళీ చేర్చుకోడు, నెలనెలా కట్టే బాధ తప్పుతుంది. బ్యాంకు నుంచి గొలుసు వేలం నోటీసు వస్తే కంగారు పడి పరిగెత్తకండి. వేలం అయిపోతే వడ్డీ ఆగిపోతుంది.