పెన్నుతో రాసే కృత్రిమ మేధ

మన ఇంజినీరింగ్ కాలేజీలు కాలంతో పాటు మారడం లేదని ఎవడన్నాడు? హైవే పక్కన ఆ ఫ్లెక్సీ చూడండి. నిన్నటిదాకా మెకానికల్. ఇవాళ సీఎస్ఈ - ఏఐ అండ్ ఎంఎల్. పక్కనే డేటా సైన్స్, ఆ పక్కనే సైబర్ సెక్యూరిటీ. లోపల గది అదే, బెంచీలు అవే, సారూ ఆయనే.

సారు సంగతి వినండి. ఏళ్ల తరబడి థర్మోడైనమిక్స్ చెప్పుకున్న మనిషి. మెకానికల్‌లో చేరేవాళ్లు లేరు. వచ్చే సెమిస్టర్ నుంచి మెషిన్ లెర్నింగ్ చెప్పమని యాజమాన్యం ఆర్డరేసింది. నేర్చుకునేదెప్పుడు? అధ్యాపకులకు ఐదు రోజుల ఆన్‌లైన్ శిక్షణ, ఎఫ్‌డీపీ ఉందిగా! కెమెరా ఆఫ్, మైకు మ్యూట్, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం, చేతికి సర్టిఫికెట్. నిపుణుడు తయార్. ఆయన్నేం అనకండి, పాపం. జీతం అడిగితే ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదు మాస్టారూ’ అంటుంది యాజమాన్యం. ప్రభుత్వాన్ని అడిగితే బకాయిలకు టోకెన్లు ఇచ్చామంటుంది. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టాయి. టోకెన్‌తో కిరాణా కొట్లో కందిపప్పు వస్తుందా?

అసలు చోద్యం ల్యాబులో ఉంది. పిల్లలు పైథాన్ ప్రోగ్రాం రాస్తున్నారు. ఎక్కడ? రికార్డు బుక్కులో. దేంతో? పెన్నుతో! స్కేలు పెట్టి మార్జిన్ గీసి మరీ. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాం, ఎడమవైపు తెల్ల పేజీలో అవుట్‌పుట్. కంప్యూటర్ ఇవ్వాల్సిన గ్రాఫును కూడా పెన్సిల్‌తో వీళ్లే గీస్తారు, సీనియర్ రికార్డు చూసి. ఆ సీనియర్ గీసింది వాడి సీనియర్‌ది చూసి. వరుస మొదట్లో ఒక్క ఖాళీ తేడా వస్తే పైథాన్ మొరాయిస్తుంది. రికార్డులో ఆ బెడద లేదు, ఎర్రింకు సంతకం పడితే నడిచినట్టే. హాజరు 75 శాతం లేదా? 65 దాటితే చాలు, కండోనేషన్ ఫీజు కట్టు. పాఠం చెప్పినందుకే కాదు, విననందుకూ బిల్లే!

మరి పైవాళ్లు చూడరా? చూశారు. మంచి గ్రేడున్న కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల పరిమితినే 2024-25 నుంచి సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ ఎత్తేసింది. గ్రేడు ఉంటే సీట్లు, సీట్లుంటే డబ్బు. ఆ గ్రేడు ఎలా వస్తుందంటారా? 2025 ఫిబ్రవరిలో ఆంధ్రాలో తనిఖీకొచ్చిన, గ్రేడిచ్చే నాక్ బృందం సభ్యులనే లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది. గ్రేడిచ్చేవాళ్లకే గ్రేడివ్వాల్సిన కాలం. నేరం తేల్చేది కోర్టు, సరే. ఆశ్చర్యపోయినవాళ్లు మాత్రం ఎవరూ కనబడలేదు.

నిజంగా కాలంతో మారింది హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట ఒక్కటే. బోర్డ్ ఆఫ్ స్టడీస్ లేదు, సెనేట్ లేదు. మార్కెట్లో ఏది కదిలితే అది మర్నాటికి అక్కడి మైత్రీవనం గోడెక్కుతుంది. మూడు రోజులు డెమో ఫ్రీ. ఫైనలియర్ ప్రాజెక్టు కావాలా? పీపీటీతో సహా రెడీ. అనుభవం లేదా? మూడేళ్ల ‘ఎక్స్‌పీరియన్స్’ కూడా కాగితం మీద పుట్టించే ఘనులున్నారు. నాలుగేళ్లు లక్షలు పోసి చదివించిన నాన్న, ఆ మెట్ల దగ్గర మళ్లీ జేబు తడుముకుంటాడు. నాలుగేళ్లలో చెప్పలేనిది నలభై రోజుల్లో చెబుతుంటే, ఆ నాలుగేళ్లు దేనికి తీసుకున్నట్టు? ఈ ప్రశ్న ఏ వైస్ చాన్సలర్‌నైనా అడగండి. కొత్త విద్యా విధానం మీద గంటసేపు మాట్లాడతారు.

ఇంకో వింత. అమరావతి కడతామంటున్నారు. తెలంగాణలో ఫ్యూచర్ సిటీ అంటున్నారు. పోలవరం ప్రాజెక్టులో 2020 వరదకు దెబ్బతిన్న డయాఫ్రమ్ వాల్‌ను వదిలేసి కొత్తది కట్టాల్సి వచ్చింది. ఇవన్నీ కట్టడానికి సివిల్ ఇంజినీర్లు కావాలిగా! ఇటు చూస్తే కాలేజీలు సివిల్ సీట్లు తగ్గించుకుని సీఎస్ఈలో కలిపేసుకుంటుంటే ప్రభుత్వ పెద్దలు వెళ్లి దండలేయించుకుని కొత్త బ్లాకులు ప్రారంభిస్తున్నారు. మళ్లీ వాళ్లే, సాయంత్రం సదస్సులో శాలువా కప్పుకుని, నైపుణ్యమున్న వాళ్లు దొరకడం లేదని నిట్టూర్పు! గోదాట్లో కాంక్రీటు సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి రేపు ఎవర్ని దింపుతారు సార్? చాట్‌బాట్‌నా?